దీపం కింద చీకటి: సొంతంగా కట్టుకున్న కంప్యూటర్లో బొమ్మ రానప్పుడు

ఎనభైల్లో మన ఊళ్ళలో టీవీ చూసినవాళ్ళకి ఈ దృశ్యం గుర్తుండే ఉంటుంది. ఒకరు డాబా ఎక్కి యాంటెన్నా పట్టుకుని మెల్లిగా తిప్పుతూ ఉంటారు. ఇంకొకరు లోపల టీవీ ముందు కాపలా. "వచ్చిందా?" "రాలేదు." "ఇప్పుడు?" "వచ్చింది, వచ్చింది... పోయింది!" "ఇప్పుడు?" "ఆఁ, వచ్చింది! ఇక కదపకు!"

దూరదర్శన్ బొమ్మ కోసం పడ్డ ఆ పాట్లలో ఒక చక్కని పద్ధతి ఉంది. కదిపేది ఒక్క యాంటెన్నానే. అదీ కొంచెం కొంచెంగా. కదిపిన ప్రతిసారీ ఆగి, ఫలితం విని, ఆ తర్వాతే ఇంకో అంగుళం. బొమ్మ వచ్చాక ముట్టుకోకపోవడం కూడా ఆ పద్ధతిలో భాగమే.

ఈ చిన్న పాఠం మరిచిపోయి ఈమధ్య నేను మూడు సాయంత్రాలు పోగొట్టుకున్నాను. ఏ లోపమూ లేని గ్రాఫిక్స్ కార్డుని పెట్టెలో సర్ది కొట్టుకి వాపసు ఇవ్వడానికి సిద్ధమయ్యాను కూడా. ఆ కథ చెబుతూ, ఇంట్లో కట్టుకున్న డెస్క్‌టాప్‌లో బొమ్మ రాకపోతే ఏ వరసలో వెతకాలో ఈ వ్యాసంలో చూద్దాం.

నేనుండేది శాంటా క్లారాలో. ఇంటెల్, ఎన్విడియా, ఏఎమ్‌డీ - మూడింటి ప్రధాన కార్యాలయాలూ ఈ చిన్న ఊళ్ళోనే ఉన్నాయి. సామాన్లకీ కొదవ లేదు. సన్నీవేల్‌లో మనందరికీ అలవాటైన ఫ్రైస్ 2021 ఫిబ్రవరిలో మూతబడ్డాక కొన్నేళ్ళు వెలితిగా ఉన్న మాట నిజమే కానీ, 2012లో ఈ ఊరు వదిలి వెళ్ళిన మైక్రో సెంటర్ 2025 మే నెలలో స్టీవెన్స్ క్రీక్ బులవార్డ్ మీద మళ్ళీ తెరుచుకుంది. ఇన్ని ఉన్న ఊళ్ళో, ఇరవై ఏళ్ళుగా ఇతరుల ప్రోగ్రాముల్లో తప్పులు వెతికి జీతం తీసుకుంటున్న నేను, నల్లటి తెర ముందు తెల్లమొహం వేసుకుని కూర్చున్నాను. దీపం కింద చీకటి అంటే ఇదే.

మూడు సాయంత్రాల కథ

హైస్కూల్లో చేరిన మా అమ్మాయి ఆనిమేషన్ నేర్చుకుంటానంటే, ఇద్దరం కలిసి కంప్యూటర్ కట్టాం. మీట నొక్కగానే ఫ్యాన్లు తిరిగాయి, రంగురంగుల దీపాలు వెలిగాయి. మానిటర్ మీద మాత్రం 'నో సిగ్నల్' అన్న రెండే ముక్కలు.

బొమ్మ రాలేదంటే తప్పు బొమ్మ తయారుచేసే కార్డుదే అని మొదటి సాయంత్రం తీర్మానించాను. కార్డు తీసి మళ్ళీ పెట్టాను, కేబుల్ మార్చాను, అదే పనిలో మెమరీ కర్రలు కూడా అటువి ఇటు మార్చాను. రెండో సాయంత్రం సీమాస్ చెరిపాను, ఒక మెమరీ కర్ర తీసేశాను, ఇంకో స్లాటులో పెట్టాను. మార్చిన ప్రతిసారీ ఒక నిమిషం చూడటం, విసుగొచ్చి మీట నొక్కిపట్టి ఆపేయడం. మూడో సాయంత్రం, వాపసు గడువు దాటకముందే కార్డు ఇచ్చేద్దామని పెట్టె దించాను.

"నాన్నా, మానిటర్ 'నో సిగ్నల్' అని రాస్తోంది కదా. అంటే మానిటర్ బానే ఉన్నట్టేగా? మరి మిగతావాటిలో ఏది బావుందో మనకెలా తెలుసు?" అంది అమ్మాయి.

అడగాల్సిన ప్రశ్న అదే. ఏది పాడైందని కాదు, ఏది బావుందని మనకి రుజువుంది?

బొమ్మ నడిచే దారి

మీట నొక్కాక ఏం జరుగుతుందో ఒకసారి గుర్తు చేసుకుందాం. పవర్ సప్లై నుంచి కరెంటు వస్తుంది. మదర్‌బోర్డు మీది ఫర్మ్‌వేర్ ప్రాసెసర్‌ని లేపుతుంది. తర్వాత మెమరీని సిద్ధం చేస్తుంది. ఆ తర్వాతే గ్రాఫిక్స్‌ని పలకరిస్తుంది. గ్రాఫిక్స్, కేబుల్ గుండా మానిటర్‌తో మాట్లాడి, దాని వివరాలు తెలుసుకుని బొమ్మ పంపుతుంది. మొదట్లో జరిగే ఈ సొంత పరీక్షనే పోస్ట్ అంటారు.

ఇందులో గమనించాల్సిందేమిటంటే బొమ్మ ఈ వరసలో చివరిది. దానికి ముందున్న మెట్లలో ఏది విరిగినా మనకి కనిపించేది ఒకే నల్లటి తెర. కుళాయిలో నీళ్ళు రాకపోతే తప్పు కుళాయిదే కానక్కర్లేదు కదా, అలాగన్నమాట.

మొదటి మెట్టు: మానిటర్ ఏమంటోంది?

'నో సిగ్నల్' అని రాస్తే మానిటర్‌కి కరెంటు ఉంది, తెర పనిచేస్తోంది. మానిటర్ మెనూలో మీరు కేబుల్ పెట్టిన ఇన్‌పుట్‌నే ఎంచుకున్నారో లేదో చూడండి. రెండు హెచ్‌డీఎమ్‌ఐలు, ఒక డిస్‌ప్లేపోర్ట్ ఉన్న మానిటర్లలో ఇది తరచుగా జరిగే పొరపాటు. అదే కేబుల్‌ని ఆఫీసు లాప్‌టాప్‌కి తగిలించి చూస్తే మానిటర్, కేబుల్ రెండూ ఒకేసారి నిర్దోషులుగా తేలిపోతాయి.

మెనూ కూడా రాకుండా తెర పూర్తిగా నల్లగా ఉంటే, గదిలో దీపాలు ఆర్పి, టార్చి లైటు ఏటవాలుగా తెర మీద వేసి చూడండి. ఎల్‌సీడీ తెర మీద బొమ్మ లీలగా కనిపిస్తే, పోయింది వెనకనుండే బ్యాక్‌లైటు.

రెండో మెట్టు: పెట్టె బతికే ఉందా?

ఫ్యాన్లు తిరగడం రుజువు కాదు. కరెంటు ఉంటే చాలు, అవి తిరుగుతాయి. కీబోర్డు మీద క్యాప్స్ లాక్ నొక్కి చూడండి. దాని దీపం వెలిగి ఆరుతుంటే ఫర్మ్‌వేరో, ఆపరేటింగ్ సిస్టమో మేలుకునే ఉంది.

1981లో వచ్చిన ఐబీఎమ్ పీసీ అన్నీ బాగుంటే ఒక్కసారి 'బీప్' మని కూసేది, లేకపోతే వేరే లెక్కలో కూసేది. ఇప్పటి బోర్డుల్లో చాలావాటికి ఆ స్పీకర్ ఉండదు. బదులుగా సీపీయూ, డ్రామ్, వీజీఏ, బూట్ అని రాసి ఉన్న నాలుగు చిన్న దీపాలుంటాయి. ఏ దీపం దగ్గర ఆగిపోయిందో చూస్తే దారిలో ఏ మెట్టు మీద ఉన్నామో తెలుస్తుంది. మా బోర్డు మీద డ్రామ్ దీపం వెలుగుతూనే ఉంది. వీజీఏ దాకా కథ రానేలేదు. అంటే నేను అనుమానించిన గ్రాఫిక్స్ కార్డు వంతు ఇంకా మొదలవ్వనే లేదు! మూడు రోజులుగా ఆ దీపం కళ్ళెదురుగానే ఉంది, నేను చదవలేదు.

మూడో మెట్టు: మెమరీ చేసే సాధన

డ్రామ్ దీపం చూసి మెమరీ పాడైందనుకుంటే మళ్ళీ తప్పులో కాలేసినట్టే. డీడీఆర్5 మెమరీ వేగం 6000 అని పెట్టె మీద రాసి ఉందనుకోండి. అంటే ఒక్కో తీగ మీద సెకనుకి 600 కోట్ల బిట్లు. ఒక్కో బిట్టుకి దొరికే సమయం సుమారు 167 పీకోసెకన్లు. ఆ సమయంలో కాంతి కూడా శూన్యంలో 5 సెంటీమీటర్లే వెళ్ళగలదు. బోర్డు మీది తీగల్లో సంకేతం అంతకన్నా నెమ్మదిగా నడుస్తుంది. కాబట్టి ఏ తీగ మీది బిట్టు ఎప్పుడు వస్తుందో ఫర్మ్‌వేర్ ఒక్కొక్కటిగా కొలిచి సర్దుకోవాలి. దీన్నే మెమరీ ట్రెయినింగ్ అంటారు. కచేరీకి ముందు వీణ శృతి చేసుకోవడం లాంటిది.

మొదటిసారి ఈ శృతికి చాలా నిమిషాలు పట్టవచ్చు, ముఖ్యంగా మెమరీ ఎక్కువగా ఉంటే. అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది, డ్రామ్ దీపం వెలుగుతూనే ఉంటుంది. ఒకసారి కుదిరాక చాలా బోర్డులు ఆ లెక్కలు గుర్తుపెట్టుకుంటాయి. కానీ మెమరీ కర్రలు మార్చినా, సీమాస్ చెరిపినా మళ్ళీ మొదటికే.

ఇప్పుడు నా నిర్వాకం అర్థమయ్యే ఉంటుంది. నిమిషానికోసారి ఆపేసి, కర్రలు మార్చి, సీమాస్ చెరిపి, శృతి కుదిరే లోపలే ప్రతిసారీ నేనే చెడగొట్టాను. చివరికి నేను చేస్తున్న వైద్యమే జబ్బయింది.

అమ్మాయి మాట మీద అన్నీ మాన్యువల్లో చెప్పిన స్లాటుల్లో పెట్టి, మీట నొక్కి, ఇద్దరం భోజనానికి కూర్చున్నాం. ముట్టుకోకుండా ఉండటం ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది. పెరుగన్నంలోకి వచ్చేసరికి గదిలో వెలుతురు మారింది. వెళ్ళి చూస్తే బయాస్ తెర!

కాబట్టి కొత్తగా కట్టిన పెట్టెకి మొదటిసారి కనీసం 15 నిమిషాలు గడువివ్వండి. అప్పటికీ రాకపోతే, ఒకే మెమరీ కర్రని మాన్యువల్ చెప్పిన స్లాటులో (సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోది) పెట్టి మళ్ళీ అంతసేపూ ఆగండి. ఆ తర్వాత రెండో కర్రతో.

నాలుగో మెట్టు: దారిని సగానికి కోయడం

మెమరీ దాటి వీజీఏ దీపం దగ్గర ఆగితే, ముందు కేబుల్ ఏ రంధ్రంలో పెట్టారో చూడండి. కార్డు ఉన్నప్పుడు కేబుల్ కార్డుకే పెట్టాలి, మదర్‌బోర్డు వెనక ఉన్న హెచ్‌డీఎమ్‌ఐకి కాదు. చాలా బోర్డులు కార్డు కనపడగానే ఆ రంధ్రాన్ని ఆపేస్తాయి.

తర్వాత కార్డుకి కరెంటు. స్లాటు ఇవ్వగలిగింది 75 వాట్లే. 8 పిన్నుల తీగ ఒక్కొక్కటీ ఇంకో 150 వాట్ల దాకా ఇస్తుంది. కొత్త కార్డుల 16 పిన్నుల తీగ 600 వాట్ల దాకా మోస్తుంది కనుక, అది సందు లేకుండా చివరిదాకా దిగిందో లేదో కళ్ళతో చూసి నిర్ధారించుకోవాలి. వదులుగా ఉంటే బొమ్మ రాకపోవడం అటుంచి, వేడెక్కి కరిగే ప్రమాదం ఉంది.

అయినా రాకపోతే కార్డు తీసేసి, కేబుల్‌ని బోర్డుకే పెట్టి చూడండి. బొమ్మ వస్తే ప్రాసెసర్, మెమరీ, బోర్డు, మానిటర్ అన్నీ ఒక్క దెబ్బతో నిర్దోషులవుతాయి. అనుమానం కార్డు మీదా, దాని స్లాటు మీదా, దాని కరెంటు తీగ మీదా మాత్రమే మిగులుతుంది. మనం పుస్తకాల్లో చదువుకున్న బైనరీ సెర్చ్ ఇదే. ఒక్క హెచ్చరిక: ఈ పరీక్షకి ప్రాసెసర్లోనే గ్రాఫిక్స్ ఉండాలి. ఇంటెల్ కోర్ వరసల్లో పేరు చివర 'ఎఫ్' ఉన్నవాటికి అది ఉండదు. రైజెన్ 5000 డెస్క్‌టాప్ వరసలో 'జి' ఉన్నవాటికే ఉంటుంది.

భాగాలు తీసేముందు పవర్ సప్లై ఆపి, తీగ గోడ నుంచి పీకేయండి. పవర్ సప్లైని గానీ, మానిటర్‌ని గానీ విప్పకండి. తీగ పీకాక కూడా వాటి కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు ఉండవచ్చు.

వచ్చిపోయే బొమ్మ

మా కథ అక్కడితో అయిపోలేదు. విండోస్ పెట్టి 4కే మానిటర్‌ని 120 హెర్ట్జ్‌కి మార్చగానే తెర మినుకుమినుకుమని ఆరిపోవడం మొదలైంది. ఈసారి ఏదీ ముట్టుకోకుండా ముందు లెక్క వేశాను. 4కే తెర మీద 82,94,400 చుక్కలు. చుక్కకి 24 బిట్లు, సెకనుకి 120 సార్లు. మొత్తం దాదాపు 2,389 కోట్ల బిట్లు. 2013 నాటి హెచ్‌డీఎమ్‌ఐ 2.0 సెకనుకి మోసే అసలు సరుకు 1,440 కోట్ల బిట్లే. 2017లో వచ్చిన 2.1 ప్రమాణం మొత్తం 4,800 కోట్ల దాకా మోస్తుంది. కార్డూ మానిటరూ రెండూ కొత్త ప్రమాణానివే. మధ్యలో ఉన్నది మాత్రం అటకమీంచి తీసిన పాత కేబుల్. 60 హెర్ట్జ్‌కి దింపితే మినుకు ఆగిపోయింది. 'అల్ట్రా హై స్పీడ్' ముద్ర ఉన్న కేబుల్ తెచ్చాక 120 కూడా నిలబడింది.

ఇంటి కంప్యూటర్‌కీ ఆఫీసు లాప్‌టాప్‌కీ మధ్య కేవీఎమ్ స్విచ్ పెట్టుకున్నవాళ్ళు ఇంకొకటి గమనించాలి. మానిటర్ తన వివరాలని ఈడీఐడీ అనే 128 బైట్ల చీటీగా పంపుతుంది (కొత్త మానిటర్లు ఇంకో చీటీ జతచేస్తాయి). మధ్యలో ఉన్న స్విచ్ ఆ చీటీని సరిగా అందించకపోతే బొమ్మ రాదు, లేదా తక్కువ రిజల్యూషన్‌లో వస్తుంది. స్విచ్ తీసి నేరుగా కలిపి చూస్తే విషయం తేలుతుంది.

గీతలు, మచ్చలు

బొమ్మ వస్తోంది కానీ గీతలు, రంగు మచ్చలు పడుతున్నాయనుకోండి. డబ్బు ఖర్చులేని పరీక్షలు మూడున్నాయి.

ఒకటి, స్క్రీన్‌షాట్ తీసి వేరే కంప్యూటర్లో చూడండి. అందులో కూడా మచ్చలుంటే తప్పు బొమ్మ తయారయ్యే చోట, అంటే కార్డులోనో, డ్రైవర్లోనో, ప్రోగ్రాములోనో ఉంది. స్క్రీన్‌షాట్ శుభ్రంగా ఉంటే అనుమానం ఎక్కువగా కేబుల్, మానిటర్ల మీదకి పోతుంది.

రెండు, మానిటర్ సొంత మెనూ తెరవండి. ఆ మెనూ కంప్యూటర్ నుంచి వచ్చేది కాదు. దాని మీద కూడా గీతలుంటే తప్పు మానిటర్‌దే.

మూడు, బయాస్ తెర చూడండి. అక్కడ కూడా మచ్చలుంటే విండోస్ డ్రైవర్‌ని తప్పుపట్టలేం. బయాస్‌లో బాగుండి, విండోస్‌లోకి వచ్చాకే మొదలైతే ముందు డ్రైవర్ సంగతి చూడాలి. సేఫ్ మోడ్‌లో తెరిచి, పాత డ్రైవర్ తీసేసి కొత్తది పెట్టుకోవచ్చు. పని మధ్యలో తెర నల్లబడితే విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి - నాలుగు మీటలూ కలిపి నొక్కండి. గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్ళీ మొదలవుతుంది, తెరిచి ఉన్న పని పోదు.

చివరిగా

ఆఫీసులో ఒకేసారి నాలుగు మార్పులు చేసి "ఇప్పుడు పనిచేస్తోంది, ఎందుకో తెలీదు" అంటే ఎవరూ ఒప్పుకోరు. ఇంట్లో స్క్రూడ్రైవర్ చేతికి రాగానే నేను చేసింది అదే. ఇప్పుడు మా కంప్యూటర్ పక్కన అమ్మాయి ఒక చిన్న నోటు పుస్తకం పెట్టింది. ఏం మార్చాం, ఎంతసేపు ఆగాం, ఏ దీపం వెలిగింది - ఒక్కో మార్పుకి ఒక్కో వరస. వాపసుకి సిద్ధం చేసిన గ్రాఫిక్స్ కార్డు ఆ పెట్టెలోనే చక్కగా పనిచేస్తోంది.

ఆ పుస్తకం మొదటి పేజీలో తను నాకోసం రాసిన నియమం ఒకటే ఉంది. అప్పట్లో డాబా మీదున్న మా నాన్నగారికి నేను కింద నుంచి అరిచి చెప్పినదే అది: "వచ్చింది, ఇక కదపకు!"