లక్కలో పోయిన వేలిముద్ర

హైదరాబాద్ పాతబస్తీలోని మా హుస్సేనీ ఆలం గల్లీలో ఏ పెద్దావిడ పింఛన్ కోసం వచ్చినా నేను ముందు అడిగేది ఆధార్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్కు. ఫారం ఎవరైనా నింపుతారు. ఈ రెండింట్లో పేరు చెరోలా ఉంటే మాత్రం తర్వాత పడే పాటంతా చిల్లుకుండలో నీళ్లే. మొన్న పక్కింటి ఖాలాకు చేసిపెట్టిన వరసలోనే చెబుతాను.

రెండూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చదవాలి. బీ, బీబీ, బేగం దగ్గరే సగం పేచీ. పుట్టిన తేదీ తెలియని ముసలివాళ్లకు చాలామందికి జనవరి 1 అని పడి ఉంటుంది. ఆధార్‌లో పేరు రెండుసార్లు, తేదీ ఒక్కసారే మార్చనిస్తారు. తెలంగాణలో వృద్ధాప్య పింఛన్ వయసును 2021లో 65 నుంచి 57కు దించారు కనుక, తేదీ తప్పైనా వయసుకు అడ్డం రాకపోతే దాన్ని కదపవద్దంటాను.

తర్వాత వేలిముద్రల మిషన్ మీద పెట్టాల్సిన వేళ్లు. అసలు తిప్పలు ఇక్కడే. ఖాలా నలభై ఏళ్లు లాడ్‌బజార్ దుకాణాలకు లక్క గాజులు చేసింది. లక్కను నిప్పుల సెగన మెత్తబరచి, సాగదీసి, గుండ్రంగా వంచి, చల్లారేలోపు ఒక్కో రాయినీ అద్దాలి. ఆ వేడికి బొటనవేలి గీతలన్నీ పోయి కొస గాజులాగే నున్నగా మెరుస్తోంది. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో జీఐ గుర్తింపు వచ్చింది. వాటిని చేసిన వేళ్లను మిషన్ గుర్తుపట్టనంటోంది.

"నా అంగూఠా లక్కలనే పోయింది బేటా" అని నవ్వింది.

ముందురోజు రాత్రి వేళ్లకు కొబ్బరినూనె రాయించాను. పొద్దున సబ్బుతో కడిగి, జిడ్డూ తడీ లేకుండా తుడిపించాను. బొటనవేలితోనే కుస్తీ పట్టకుండా పది వేళ్లూ ఒక్కొక్కటిగా పెట్టించాలి. ఖాలాకు ఎడమచేతి ఉంగరం వేలు పలికింది. ఆ సంగతి పాస్‌బుక్కు అట్ట మీద రాసిపెట్టాను. ఏ వేలూ పలక్కపోతే కనుపాపతోనో ముఖంతోనో చూడమని మనమే అడగాలి. ఆధార్ కేంద్రంలో వేలిముద్రలు కొత్తగా తీయించుకోవచ్చు కూడా.

బ్యాంకు ఖాతా ఆమె ఒక్కదాని పేరు మీదే ఉంటే మంచిది. జాయింటు వద్దంటే కొడుకుల ముఖాలు మాడతాయి, నామినీగా ఉండండని సర్దిచెబుతాను. పిన్ నంబరు ఎవరికీ చెప్పకూడదు. డబ్బు తీసిన ప్రతిసారీ రసీదు తీసుకోవాలి.

వచ్చేదెంతంటారా? 2014లో ఆసరా పేరుతో వెయ్యి రూపాయలతో మొదలై 2019లో 2,016 అయింది. ఆ పదహారు మన పెళ్లి చదివింపుల నూటపదహార్లకు చుట్టం. ఇప్పుడు పేరు చేయూత. నాలుగు వేలిస్తామన్నది 2023 ఎన్నికల నాటి మాట. ఆంధ్రలో 2024 జులై నుంచి నాలుగు వేలు ఇంటికే తెచ్చిస్తున్నారన్న కబురు ఖాలా చెవిన పడకుండా చూస్తుంటాను. సాధారణంగా ఇంటికి ఒక్క వృద్ధాప్య పింఛనే. ఆలుమగల్లో ఎవరి పేరు పెట్టాలో ముందే తేల్చుకోవాలి.

డెబ్బై నిండితే ఆయుష్మాన్ వయ వందన కార్డుంది. ఆదాయంతో పనిలేకుండా ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం. బీపీ, షుగర్ మాత్రలకు బస్తీ దవాఖానా చాలు, పైసా అక్కర్లేదు. పిల్లలు చూడకపోతే 2007 నాటి చట్టం కింద ఆర్డీవో దగ్గర పిటిషన్ పెట్టొచ్చు, కానీ మా గల్లీలో ఆ మాటెత్తితేనే తల్లులు చెవులు మూసుకుంటారు.

ఇక ఇల్లు. ఫైలు ఎంత పక్కాగా ఉన్నా తడి షాబాద్ బండ మీద కాలు జారితే మంచానపడ్డట్టే. మాకు నల్లా రోజు విడిచి రోజు, అదీ తెల్లవారకముందే. చీకట్లో బకెట్‌తో డ్రమ్ము నింపబోయి పడేవాళ్లే ఎక్కువ. ఖాలా ఇంట్లో నల్లా నుంచి డ్రమ్ములోకి పైపు తగిలించాం. బండ మీద గోనెసంచీ పరిచి, గుమ్మం దగ్గర బల్బు పెట్టి, పాయఖానా గోడకు పట్టుకోడానికి ఇనుప రాడ్డు బిగించాం. మొత్తం ఒక పూట పని.

ఆఖరున గోడ మీద మార్కర్‌తో రెండు నంబర్లు: అంబులెన్సుకు 108, పెద్దల హెల్ప్‌లైన్ 14567. కళ్ల ఎత్తులో రాయబోతుంటే ఖాలా ఆపింది.

"కింద రాయి బేటా. పడితే ఆడికెంచే కదా చూసేది."

జానెడెత్తులో, పెద్దక్షరాలతో రాశాను.