పాత లారీ స్టీరింగ్ ఆయిల్ కారితే

2018 సెప్టెంబర్ 11న కొండగట్టు ఘాట్ రోడ్డు మీద బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. ఘాట్ దిగే బండికి బ్రేకు, స్టీరింగ్ రెండూ మంచిగుండాలె. మా మామ నడిపే పాత లారీని మెకానిక్ బాగుచేస్తుంటే నేను చూసి రాస్తున్నాను.

ఇంజను తిప్పే పంపు ఆయిల్‌ను ఒత్తిడితో పంపుతుంది. ఆ ఒత్తిడి ముందు చక్రాలు తిప్పడానికి సాయం చేస్తుంది. ఆయిల్ తగ్గితే పంపు మూలుగుతది, స్టీరింగ్ బరువైతది.

1. పంపు, పైపులు, స్టీరింగ్ బాక్సు బట్టతో తుడవాలి.
2. ఇంజను నడుపుతూ స్టీరింగ్ తిప్పించాలి. తడి మొదట ఎక్కడ పుడుతుందో చూడాలి. చెయ్యి పెట్టొద్దు, ఆయిల్ కాలుతది.
3. ఇంజను ఆపి, చల్లారినంక వదులైన జాయింటు బిగించాలి. పగిలిన పైపు, అరిగిన సీలు మార్చాలి.
4. కంపెనీ చెప్పిన ఆయిలే గుర్తు వరకు పోయాలి. స్టీరింగ్ రెండు దిక్కులా మెల్లగా తిప్పితే లోపలి గాలి పోతది.

ఉత్తగ ఆయిల్ పోసుకుంట పోతే కారుడు ఆగదు. కారే చోటు దొరకాలె.

– 9వ తరగతి విద్యార్థిని