పిలకలో దాగిన పూలకాలం

పాఠ్యభాగ ఉద్దేశం

ఏటేటా మళ్లీ చిగిర్చే పూలమొక్కను కాపాడుకోవడంలో శాస్త్రమూ ఉంది, ఓర్పూ ఉంది. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల నేలను, ఎండను ఆధారంగా చేసుకొని చేమంతి పెంపకంలోని మెలకువలను విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

తూర్పున నల్లమల, పడమట ఎర్రమల. ఆ రెండు కొండల వరుసల నడుమ కుందూనది పారే నల్లరేగడి మైదానం నంద్యాల సీమ. 2022 ఏప్రిల్ 4న కర్నూలు జిల్లా నుంచి విడివడి నంద్యాల ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది. సుంకేసుల వద్ద తుంగభద్ర నుంచి బయలుదేరే కర్నూలు – కడప కాలువ ఈ పొలాలకు పందొమ్మిదవ శతాబ్దం నుంచి నీరందిస్తున్నది. నంద్యాలలో వ్యవసాయ పరిశోధనా స్థానం 1906లోనే వెలసింది. పత్తికి, వరికి, శనగకు పేరుపొందిన ఈ నేలలో ఇంటి ముందు జానెడు చోటున్నా పూలమొక్క నాటడం జనులకు అలవాటు. అయితే ఇక్కడి ఎండ సామాన్యమైనది కాదు. వేసవిలో అది 40 డిగ్రీలు దాటడం ఏటా అనుభవంలో ఉన్నదే. ఎండను కోరుకొంటూనే ఆ తీవ్రతకు లొంగిపోకుండా ఏళ్ల తరబడి నిలిచే పూలమొక్కను పెంచడం ఇక్కడి తోటమాలికి నిజమైన పరీక్ష.

ఆ పరీక్షకు తగిన మొక్క చేమంతి. వాడుకలో దీనిని చామంతి అని కూడా అంటారు. కార్తికమాసంలో మహానంది, యాగంటి క్షేత్రాలకు వెళ్లే భక్తుల చేతులలోను, సంక్రాంతి నాడు ముంగిట గొబ్బెమ్మలపైన ఈ పువ్వు దర్శనమిస్తుంది. పండుగ ముగుస్తుంది, పూలు వాడిపోతాయి. వెంటనే కుండీలోని మొక్కను పీకి గోడ అవతల పారవేసే ఇళ్లు అనేకం. మరుసటి ఏడు అంగడికి వెళ్లి మరొక మొక్కను కొనుక్కొంటారు. పువ్వు రాలినంతనే మొక్క ఆయువు తీరిందని వారి భావన. వాస్తవానికి ఆ ఎండిన కాడల అడుగున, మట్టిలో, రాబోయే ఏటి పూలకాలం అప్పటికే పిలకల రూపంలో సిద్ధమవుతూ ఉంటుంది.

మొక్క స్వభావం

పంట ముగియగానే జీవితం ముగిసే మొక్కలను ఏకవార్షికాలని, వేరు బ్రతికి ఏటేటా చిగిర్చే వాటిని బహువార్షికాలని వృక్షశాస్త్రం వర్గీకరిస్తుంది. బంతి మొదటి తెగకు చెందినది. చేమంతి రెండవ తెగకు చెందినది. కుటుంబం మాత్రం రెండింటికీ ఒకటే. పొద్దుతిరుగుడు కూడా ఆ కుటుంబంలోనిదే. ఈ కుటుంబపు పువ్వుల నిర్మాణంలో ఒక చమత్కారం ఉంది. మనం ఒక్క పువ్వుగా భావించేది నిజానికి అనేక చిన్న పువ్వుల సమూహం. అంచున రేకులవలె విచ్చుకొనేవి ఒక తెగ. నడుమ గుత్తిగా ఒదిగి ఉండేవి మరొక తెగ. ఈ అమరికను శీర్షవద్విన్యాసం అంటారు.

ఉత్తర అమెరికా గడ్డి మైదానాలలో చేమంతికి ఒక దూరపు చుట్టం ఉంది. దాని పేరు ఎకినేషియా. దాని నడిమి భాగం శంకువులా పైకి లేచి మొనదేలి ఉంటుంది గనుక జనవ్యవహారంలో దానికి ‘కోన్‌ఫ్లవర్’ అనే పేరు వచ్చింది. ఒంటినిండా ముళ్లుండే ఒక చిన్న జంతువుకు గ్రీకు భాషలో ఉన్న పేరు శాస్త్రీయ నామానికి మూలం. అక్కడి ఆదివాసులు దాని వేరును ఔషధంగా వాడుకొన్నారు. కఠినమైన శీతాకాలంలో ఆ మొక్క పైభాగమంతా ఎండిపోతుంది. వసంతం రాగానే వేరు నుంచి మళ్లీ మొలకెత్తుతుంది. అక్కడ మొక్కను పరీక్షించేది మంచు. నంద్యాలలో పరీక్షించేది ఏప్రిల్, మే మాసాల ఎండ. దేశాలు వేరైనా ఆ రెండింటి బ్రతుకు సూత్రం ఒక్కటే: కష్టకాలంలో పైమెరుగులు వదలుకొని ప్రాణాన్ని వేరులో దాచుకోవడం.

నేల – నీరు

చేమంతికి దినానికి కనీసం ఆరు గంటల ఎండ అవసరం. నీడపట్టున పెంచితే కాడలు సన్నగా సాగి, పూలు తగ్గిపోతాయి. ఎండ విషయంలో నంద్యాలకు లోటు లేదు. చిక్కంతా నేలతోనే వస్తుంది. నల్లరేగడి తడిసినప్పుడు ఉబ్బుతుంది, ఎండినప్పుడు నెర్రెలు వారుతుంది. నీటిని చాలాకాలం పట్టి ఉంచే గుణం పత్తికి, శనగకు వరం; చేమంతికి అదే శాపం. మట్టి రేణువుల మధ్యనున్న ఖాళీలలో నీరు నిండిపోతే వేళ్లకు గాలి అందదు. గాలి అందని వేరు కుళ్లుతుంది. అటువంటి మొక్క ఆకులు నీరు చాలనట్లే వాడిపోయి కనిపిస్తాయి. అది చూసి జాలిపడి మరింత నీరు పోస్తే మొక్క చనిపోతుంది. ఇళ్లలో చేమంతులు దాహంతో కంటె ఈ అతి ఆదరణతోనే ఎక్కువగా నశిస్తాయి.

దీనికి ఉపాయం సులభమైనదే. మడిని చుట్టుపక్కల నేలకంటె సుమారు 15 సెంటీమీటర్లు ఎత్తుగా కట్టుకోవాలి. రేగడిలో ఇసుకను, బాగా చివికిన పశువుల ఎరువును కలపాలి. నల్లమల పాదాల చేరువనున్న ఆళ్లగడ్డ ప్రాంతపు గ్రామాలలో ఎర్రమట్టి దొరికితే దానినీ కలుపుకోవచ్చు. కుండీలో పెంచేవారు అడుగున రంధ్రం మూసుకుపోకుండా పెంకులు పేర్చాలి. వేలు మట్టిలోకి రెండు అంగుళాలు దించి చూసి, తడి తగలనప్పుడు మాత్రమే నీరు పోయాలి. ఉదయం వేళ మొదట్లో పోసిన నీరు మేలు చేస్తుంది. సాయంకాలం ఆకులపై చల్లిన నీరు రాత్రంతా ఆరక ఆకుమచ్చ తెగులుకు దారి తీస్తుంది.

నాటడం – తలలు తుంచడం

తొలకరి పడిన తరువాత, జూన్, జూలై మాసాలలో, తల్లిమొక్క చుట్టూ లేచిన పిలకలను వేళ్లతో సహా వేరుచేసి నాటుకోవాలి. మొక్కకు మొక్కకు 30 సెంటీమీటర్ల ఎడం ఉండాలి. పిలకలు చాలకపోతే 8 నుంచి 10 సెంటీమీటర్ల పొడవున్న లేత కొమ్మ కొనలను కత్తిరించి ఇసుకలో గుచ్చితే సుమారు మూడు వారాలలో వేళ్లు పోసుకొంటాయి. విత్తనం నుంచి మొలిచిన మొక్క తల్లిని పోలకపోవచ్చు. పిలక మాత్రం తల్లి రంగును, రూపాన్ని యథాతథంగా నిలుపుతుంది. ఇరుగుపొరుగు ఇచ్చిపుచ్చుకొనే పిలకతో ఒక ఇంటి చేమంతి మరొక ఇంట వెలుస్తుంది.

నాటిన నాలుగు వారాలకు ఒక కఠినమైన పని చేయవలసి ఉంటుంది. నిటారుగా, కళకళలాడుతూ పెరుగుతున్న మొక్క తల తుంచివేయాలి. మొదటిసారి పెంచేవారికి ఇందుకు చేయి రాదు. ఆ కొనను అలాగే వదిలితే మొక్క ఒంటికాడగా పెరిగి కొద్దిపాటి పూలు పూస్తుంది. కొన చిగురులో పుట్టే ఒక రసాయనం పక్క మొగ్గలను ఎదగనీయకుండా అణచి ఉంచుతుంది. కొనను తొలగించగానే ఆ అడ్డు తొలగి పక్క కొమ్మలు నలుదిక్కులా పుట్టుకొస్తాయి. రెండు మూడు వారాల తరువాత ఆ కొమ్మల కొనలనూ తుంచితే మొక్క గుబురెక్కుతుంది. ఆళ్లగడ్డ శిల్పి చేతిలో రాతి పెళ్లలు రాలిపడుతుంటే విగ్రహం రూపుకడుతుంది. తోటమాలి వేళ్ల నడుమ చిగురు తెగిపడినప్పుడు జరిగేదీ అటువంటిదే. అయితే శిల్పికి లేని గడువు తోటమాలికి ఉంది. సెప్టెంబరు దాటిన పిదప తుంచితే చిగురుతోపాటు మొగ్గ కూడా పోతుంది.

రాత్రి చేసే మేలు

ఎండను ప్రేమించే ఈ మొక్క పూయడానికి చీకటి కావాలనడం విద్యార్థులకు వింతగా తోచవచ్చు. అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన గార్నర్, అల్లార్డ్ అనే శాస్త్రజ్ఞులు 1920లో ఒక పరిశీలనను ప్రకటించారు. వేసవిలో ఎంత పెరిగినా పూయని ఒక రకం పొగాకు, పగటి నిడివి తగ్గినప్పుడు పూచింది. మొక్కలు కాలాన్ని పగటి నిడివిని బట్టి గుర్తిస్తాయని దీనితో తేలింది. పగటి కంటె ఎడతెగని రాత్రియే ముఖ్యమని హామ్నర్, బానర్ అనే శాస్త్రజ్ఞులు మరొక మొక్కపై జరిపిన ప్రయోగాలతో 1938లో చూపారు. దీర్ఘరాత్రి నడుమ కొద్దిసేపు దీపం వెలిగించినా ఆ మొక్క పూయడం మానివేసింది.

చేమంతి కూడా ఈ కోవకు చెందినదే. నంద్యాలలో జూన్ నెలలో పగలు సుమారు 13 గంటలు; డిసెంబరులో 11 గంటల పైచిలుకు. రాత్రులు దీర్ఘమై, వేడిమి తగ్గినకొద్దీ చేమంతి మొగ్గ తొడుగుతుంది. రకాన్ని బట్టి ఈ సమయం కొంత మారుతుంది. ఇంటి ముందు వీధిదీపం కింద పెట్టిన కుండీ ఎంతకీ పూయక, పెరటి చీకటిలోని కుండీ విరగబూయడానికి కారణం ఇదే కావచ్చు. ఈ రహస్యమెరిగిన బెంగళూరు పరిసరాల రైతులు చేమంతి తోటలలో రాత్రివేళ విద్యుద్దీపాలు వెలిగించి, పూతను తమకు అనుకూలమైన సమయానికి జరుపుకొంటున్నారు. పండుగకు వారం ముందు కోసిన పువ్వుకు, వారం తరువాత కోసిన పువ్వుకు ధరలో ఎంత వ్యత్యాసముంటుందో పూలరైతుకు తెలుసు. ఒక కుటుంబపు ఏడాది శ్రమ ఆ వారం రోజుల మీద ఆధారపడి ఉంటుంది.

మొగ్గ తొడిగే దశలో పేనుబంక, తామర పురుగులు లేత కొనలను ఆశిస్తాయి. దినదినం ఆకుల అడుగుభాగం పరిశీలించేవారికి ఇవి తొలిదశలోనే కనబడతాయి. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీరు కలిపి సాయంకాలం చల్లితే చాలావరకు అదుపులో ఉంటాయి. వాడిన పూలను ఎప్పటికప్పుడు తుంచివేస్తే మిగిలిన మొగ్గలు చక్కగా విచ్చుకొంటాయి.

పూలు లేని రోజులు

సంక్రాంతి వెళ్లిన తరువాత తోటమాలి అసలు బాధ్యత మొదలవుతుంది. పూతలుడిగిన కాడలను నేలకు 10 నుంచి 15 సెంటీమీటర్ల ఎత్తున కత్తిరించాలి. మొదలు చుట్టూ మట్టిని గుల్లచేసి పిడికెడు చివికిన ఎరువు వేయాలి. కొద్ది వారాలలో పిలకలు తలలెత్తుతాయి. వాటిని మే నెల దాటించడమే కష్టం. మధ్యాహ్నపు ఎండ నేరుగా సోకకుండా చెట్టునీడకు గాని, తాటాకు పందిరి కిందికి గాని తల్లిమొక్కలను మార్చాలి. మొదట వరిగడ్డి గాని, వేరుశనగ పొట్టు గాని పరిస్తే మట్టి చల్లగా ఉంటుంది. ఆ కాలంలో ఎరువు వేయరాదు. మొక్కను పెరగమని తొందరపెట్టరాదు. వేరు ఎండిపోకుండా చూస్తే చాలు.

ఆ నాలుగు నెలలు మొక్కలో చూడదగిన అందమేమీ ఉండదు. వచ్చిన అతిథి మెచ్చుకోడు. పని మాత్రం దినమూ ఉంటుంది. పూచిన నాడు చేమంతిని అందరూ చూస్తారు. మే నెలలో దానికి చెంబెడు నీరు పోసేది ఒక్కరే. ఆ ఒక్కరూ ఏమరుపాటు చెందితే, ఎన్నో ఏళ్లుగా ఆ ఇంట పూస్తున్న రకం ఆ వేసవితో అంతరిస్తుంది. అంగడిలో మరొక మొక్క దొరకవచ్చును గాని, అదే రంగు, అదే పరిమళం దొరుకుతుందన్న నమ్మకం లేదు. తొలకరి పడిన నాడు తల్లిమొక్క చుట్టూ లేచిన పిలకలను విడదీసి, నాలుగు తాము నాటుకొని రెండు పొరుగింటికి ఇచ్చే ఇల్లాలు పూలతోపాటు ఒక వారసత్వాన్ని కూడా నిలుపుతున్నది.

అర్థాలు

తొలకరి = వర్షాకాలపు మొదటి వాన
పిలక = మొదలు నుంచి పుట్టే చిన్న మొక్క
నెర్రె = ఎండిన నేలలో పడే బీట
చివికిన = కుళ్లి మెత్తబడి మట్టివలె మారిన
గుబురు = దట్టమైన కొమ్మల గుంపు
యథాతథంగా = ఉన్నది ఉన్నట్లుగా
కోవ = తరగతి, వరుస
పూతలుడిగిన = పూయడం మానిన
ఏమరుపాటు = అజాగ్రత్త

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. నల్లరేగడి నేలలో చేమంతిని పెంచడంలోని ఇబ్బందులను, వాటిని అధిగమించే విధానాలను వివరించండి.
2. ‘చేమంతి సంరక్షణ పూలు లేని రోజులలోనే ఉంది’ – పాఠం ఆధారంగా చర్చించండి.

సంక్షిప్త సమాధాన ప్రశ్నలు

1. మొక్క తల తుంచడం వలన కలిగే ప్రయోజనమేమి?
2. చేమంతి పూతకు, రాత్రి నిడివికి గల సంబంధాన్ని తెలపండి.
3. చేమంతికి, ఎకినేషియాకు గల పోలికలను రాయండి.

ఏకవాక్య సమాధాన ప్రశ్నలు

1. నంద్యాల వ్యవసాయ పరిశోధనా స్థానం ఏ సంవత్సరంలో ఏర్పడింది?
2. బహువార్షికం అనగా ఏమి?
3. పిలకలను ఏ మాసాలలో నాటాలి?

వ్యాకరణం

శాస్త్రజ్ఞులు జరిపిన ప్రయోగాలకు సంబంధించిన పేరాను చదివి, అందులోని భూతకాల క్రియలను గుర్తించండి.
విద్యుద్దీపాలు = విద్యుత్ + దీపాలు
నల్లరేగడి = నల్లనైన రేగడి – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
పూలకాలం = పూల యొక్క కాలం – షష్ఠీ తత్పురుష సమాసం