మడతల దగ్గరే ఆగకు



గద్వాల పక్క పీహెచ్‌సీలో చేరగానే చిక్కు ప్రశ్నే అడిగావు. ఏడేళ్ల పిల్ల, మోచేతి మడతల్లో ఏమీ లేదు, దురదంతా మోచేతుల వెనక, మోకాళ్ల ముందు. ఇది అటోపిక్ డెర్మటైటిసేనా అని.

కావచ్చు. పసివాళ్లకు బుగ్గలు, పెద్దపిల్లలకు మడతలు అని మనం చదువుకున్న బొమ్మలు ఎక్కువగా తెల్ల ఒళ్లవి. మన పిల్లల్లో అది బయటివైపుకూ పోతుంది, వెంట్రుక కుదుళ్ల చుట్టూ గరుకు పొక్కులుగానూ వస్తుంది. ఎరుపు సరిగా కనపడదు, నలుపో బూడిద రంగో తేలుతుంది. అందుకే చేత్తో తడిమి చూడు. చెవి తమ్మె కింద పగులుందా, పెదవులు పెచ్చులూడుతున్నాయా చూడు. చనుమొన దురద సంగతి ఆడపిల్ల తనంతట చెప్పదు, తల్లిని పక్కన ఉంచుకుని నువ్వే అడగాలి. ఈ జబ్బుకు హానిఫిన్, రాజ్కా అనే వైద్యులు 1980లో ఇచ్చిన లక్షణాల్లో చనుమొన, పెదవి, చేతులు, మెడ ముందు మడతలు అన్నీ ఉన్నాయి. చదివి మరిచిపోతాం, అంతే.

అయితే పెద్ద వయసు స్త్రీకి ఒకవైపు చనుమొనే పుండై మందుకు మానకపోతే ఎగ్జిమా అనుకుంటూ కూర్చోకు. వెంటనే బయాప్సీకి పంపు. అది క్యాన్సర్ కావచ్చు.

మడతల్లో ఉన్నదల్లా అటోపిక్కే అనీ లేదు. చిన్నప్పుడు ఏ దురదా ఎరుగని యాభై ఏళ్ల రైతుకు కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు నల్లగా మొద్దుబారితే ముందు చేను గట్ల సంగతి అడుగు. వయ్యారిభామ! 1950లలో పుణెలో కంటబడిన మొక్క, ఇప్పుడు ఎక్కడ లేదు చెప్పు? దాని ఎండు పొడి గాలికి లేచి మడతల్లో చేరుతుంది. ఎండకు వచ్చే దద్దు గడ్డం కింద, చెవుల వెనక సాధారణంగా ఉండదు. ఈ మొక్క వల్ల వచ్చేది అక్కడా ఉంటుంది. గట్టు మీద కలుపు పీకే పని అతనికి పెట్టొద్దని ఇంట్లోవాళ్లకు చెప్పు.

వేళ్ల సందులు, బొడ్డు, రాత్రి దురద, ఇంటిల్లిపాదికీ ఉంటే గజ్జి. అది నీకు తెలిసిందే.

చిన్నప్పటి అటోపిక్ పెద్దయ్యాక చేతుల్లో తేలుతుంది. వలసపోయి వచ్చిన తాపీ మేస్త్రీకి సిమెంటు, మగ్గం ఇళ్లలో నూలుకు రంగులద్దే వాళ్లకు ఆ రంగులు దాన్ని ఇంకా రేపుతాయి.

ఇంకోటి. దుకాణంలో కొన్న ఏదో ట్యూబు రాసుకునే చాలామంది నీ దగ్గరికొస్తారు. పేరు చెప్పలేరు, ట్యూబే తెమ్మను. స్టెరాయిడ్ కలిసిన మందు రాస్తే తామర అంచు చెరిగిపోయి ఎగ్జిమాలా కనిపిస్తుంది. కనురెప్పల మీద గాఢమైన స్టెరాయిడ్ నువ్వూ రాయకు, కంటికి చేటు. తేలకపోతే వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022 నుంచి మెడికల్ కాలేజీలున్నాయి, పంపడానికి మొహమాటపడకు.

ఆ పిల్లకు స్నానం చేయించగానే తడి ఆరకముందే మాయిశ్చరైజర్ పూయమను. వచ్చే వారం ఎట్లుందో ఫోన్ చెయ్యి.

మీ మామయ్య