అమరుల పేరు నిలపడం మన బాధ్యత

ఉదయగిరి కోట పేరెత్తగానే మనకు శ్రీకృష్ణదేవరాయలు గుర్తొస్తాడు. ప్రతాపరుద్ర గజపతి ఏలుబడిలో ఉన్న ఆ గిరిదుర్గాన్ని నెలల తరబడి ముట్టడించి 1514లో గెలుచుకున్నాడు. అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపీకి తరలించి, గుడి కట్టించి ప్రతిష్ఠించాడు. ఇవన్నీ శాసనాలకు ఎక్కాయి. మరి ఆ కొండ ఎక్కబోయి నేలకొరిగినవాళ్లు, కోటను కాపాడుతూ ప్రాణాలు విడిచినవాళ్లు ఎవరు? ఏ ఊరివాళ్లు? రెండు వైపులా సామాన్య సైనికుల పేర్లు మనదాకా రాలేదు. రాజుల కాలంలో ఏ దేశంలోనైనా చాలావరకు ఇంతే. ప్రజాస్వామ్యం ఈ పద్ధతిని మార్చింది. 2019 ఫిబ్రవరి 25న ఢిల్లీలో ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకంలోని త్యాగచక్రంలో, స్వాతంత్ర్యం వచ్చాక దేశం కోసం అసువులు బాసిన 25 వేల మందికి పైగా సైనికుల పేర్లు రాతిలో చెక్కారు. మారుమూల తండాలో పుట్టిన సిపాయికీ అక్కడ పేరుంది. రాతి మీద రాయడం ప్రభుత్వం చేయగలదు. ఆ పేరుకు తగినట్టు బతకడం మాత్రం పౌరుడే నేర్చుకోవాలి. అందుకే అమరులను గౌరవించడాన్ని వ్యక్తిత్వ సాధనగా చూడాలంటాను.

తెలుగు నేల ఇటీవల పోగొట్టుకున్న బిడ్డలను తలచుకోండి. సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్‌బాబు కోరుకొండ సైనిక పాఠశాలలో చదివి, 16వ బిహార్ బెటాలియన్‌కు నాయకుడయ్యాడు. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయ ఘర్షణలో తన జవాన్లకు ముందు నిలబడి ప్రాణాలర్పించాడు. ఆ ఘటనలో అమరులైనవారు మొత్తం 20 మంది. ఆయనకు మరణానంతరం మహావీర్ చక్ర లభించింది. గోరంట్ల మండలం కల్లి తండాకు చెందిన అగ్నివీర్ మురళీ నాయక్ 2025 మేలో నియంత్రణ రేఖ దగ్గర పాకిస్తాన్ కాల్పుల్లో వీరమరణం పొందాడు. ఒకరు కల్నల్, ఇంకొకరు కొత్తగా చేరిన యువకుడు. హోదా వేరైనా ఇద్దరూ నేర్పే పాఠం ఒకటే: ముఖం కూడా చూడని జనం కోసం తన పని పూర్తిగా చేయడం. ఎవరూ చూడనప్పుడు కూడా బాధ్యత తప్పని గుణమే వ్యక్తిత్వానికి పునాది.

'వాళ్లు జీతానికి చేరినవాళ్లే కదా, ఇంత గౌరవం ఎందుకు?' అని అడిగేవారున్నారు. ఉదయగిరి, ఆత్మకూరు లాంటి మెట్ట ప్రాంతాల్లో వానను నమ్ముకున్న కుటుంబానికి నెల జీతం ఎంత అండో అందరికీ తెలుసు. బతుకుతెరువు కోసం సైన్యంలో చేరడం తప్పు కాదు, చిన్నతనమూ కాదు. కానీ జీతం పనికి ఇచ్చే ప్రతిఫలం. ప్రాణానికి వెల కట్టే జీతం ఏ ఖజానాలోనూ లేదు. పైగా డాక్టరు, ఉపాధ్యాయుడు, పారిశుద్ధ్య కార్మికుడు కూడా జీతం తీసుకునే సేవ చేస్తారు. జీతం ముట్టిందని కృతజ్ఞత తీరిపోదు.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. దేశభక్తి పేరుతో ద్వేషం పెరుగుతుందనీ, అమరులను కీర్తిస్తే యుద్ధోన్మాదం రేగుతుందనీ కొందరి భయం. ఆ ప్రమాదం నిజమే, కాదనలేం. అయితే దానికి మందు మరచిపోవడం కాదు, సరిగ్గా గుర్తుంచుకోవడం. కొడుకును పోగొట్టుకున్న తల్లి దుఃఖాన్ని నిజంగా అర్థం చేసుకున్నవాడు యుద్ధాన్ని వేడుకగా చూడలేడు. శత్రువును తిట్టడం నోటికి తేలిక. అమరుడి పిల్లల చదువు గురించి ఆలోచించడానికి మనసు, ఓపిక కావాలి. దేశభక్తిని సాటి మనిషి మేలుతో ముడిపెట్టి గురజాడ నూరేళ్ల కిందటే దారి చూపాడు. ఆ దారిలో ద్వేషానికి చోటు లేదు.

'సరిహద్దుకు ఇంత దూరంలో మేమేం చేయగలం?' అన్నది మూడో ప్రశ్న. పశ్చిమ గోదావరి జిల్లాలోని మాధవరం దీనికి జవాబు. రెండు ప్రపంచ యుద్ధాలకూ సైనికులను పంపి 'మిలిటరీ మాధవరం'గా పేరు తెచ్చుకున్న ఆ ఊరు తన వీరులను నేటికీ గర్వంగా తలచుకుంటుంది. అలా తలచుకునే ఊళ్లో పెరిగిన పిల్లవాడికి సేవ అనేది పుస్తకంలోని పాఠంగా కాక, తన ఇంటి పరంపరగా అందుతుంది. మన మండలాల్లోనూ ఇది సాధ్యమే. మాజీ సైనికులను బడికి పిలిచి పిల్లలతో మాట్లాడించవచ్చు. వితంతువులకు, వృద్ధులైన తల్లిదండ్రులకు పింఛను కాగితాల పనిలో సాయపడవచ్చు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం అందించే సహాయం గురించి వారికి చెప్పవచ్చు. 1949 నుంచి ఏటా డిసెంబరు 7న జరిగే సాయుధ దళాల పతాక దినోత్సవ నిధికి చేతనైనంత ఇవ్వవచ్చు.

ఆగస్టు 15న జెండాకు చేసే వందనం అవసరమే. ఆ వందనానికి విలువ వచ్చేది మర్నాటి నుంచి మనం నడిచే తీరుతో. లంచం అడగని ఉద్యోగి, కల్తీ చేయని వ్యాపారి, వేళకు బడికి వచ్చే ఉపాధ్యాయుడు అమరులకు రోజూ నివాళి అర్పిస్తున్నట్టే. ఈ ఏడాది ఒక్క అమరుడి జీవితమైనా తెలుసుకోండి, మీ పిల్లలకు చెప్పండి, సైనిక కుటుంబం ఒక్కదానికైనా అండగా నిలవండి. అంతకన్నా నిజమైన దేశభక్తి లేదు.