పాత యజమాని మాట

గుంటూరు మిరపకాయల ఊరు. అక్కడ కోల్డు స్టోరేజీలు చాలా ఉన్నాయి. మిరపకాయలకు తొడిమలు తీసే పని ఆడకూలీలది. తాలుకాయలు ఏరి వేరు చేసేదీ వాళ్లే.

ఒక ఇంట్లో అక్కాచెల్లెళ్లు ఉన్నారు. ఇద్దరూ ఒకే చోట ఈ పని చేసేవాళ్లు. అక్కడ రెండు వారాల కూలి ఇవ్వలేదు. అడిగితే "రేపు రండి" అన్నారు. ఇద్దరూ పని మానేశారు.

చెల్లెలు మరో చోట పని అడగబోయింది. గుమాస్తా అడిగాడు.

"ఇదివరకు ఎక్కడ చేశావమ్మా? ఎందుకు మానేశావు?"

చెల్లెలికి కడుపు మండింది. పాత యజమానిని తిట్టడం మొదలుపెట్టింది. తిట్టి తిట్టి, తన పని సంగతి చెప్పడమే మరిచింది. గుమాస్తా "తర్వాత చూద్దాంలే" అన్నాడు.

చెల్లెలు ఇంటికొచ్చి ఏడ్చింది. "నేనేమన్నా అబద్ధం చెప్పానా అక్కా?" అంది.

"అబద్ధం కాదే. కానీ మన కూలి ఆ గుమాస్తా ఇప్పిస్తాడా? నీకు పని వచ్చా రాదా అన్నదే ఆయనకి కావాలి. పైగా రేపు మమ్మల్నీ ఇట్టాగే తిడుతుందేమో అనుకుంటాడు."

"మరి ఏం చెప్పాలి?"

"ఉన్నమాటే చెప్పు. మూడు ముక్కల్లో చెప్పు. మూడేళ్లు తొడిమలు తీశానండి. తాలు ఏరడం బాగా వచ్చు. అక్కడ కూలి సరిగా ఇవ్వలేదు, మానేశాను. అంతే! తర్వాత నువ్వు అడుగు. ఇక్కడ కూలి ఎంతండి? ఎప్పుడిస్తారు?"

"అయితే ఆ రెండు వారాల కూలి వదులుకోవాలా?"

"ఎందుకు వదలాలి? అది అడిగే చోటు వేరే ఉంది."

అక్క చెప్పింది నిజం. వేతనాల కోడ్ అనే చట్టం ఉంది. పార్లమెంటు దాన్ని 2019లో చేసింది. 2025 నవంబరు 21న అది అమలులోకి వచ్చింది. మనం పని మానినా, వాళ్లు మానిపించినా, రావలసిన కూలి 2 పనిదినాల్లో ఇవ్వాలి. ఒకే పనికి ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఒకే కూలి ఇవ్వాలి. ఇవ్వకపోతే కార్మిక శాఖ అధికారులకు అర్జీ పెట్టుకోవచ్చు. 3 ఏళ్లలోపు పెట్టాలి.

అర్జీకి లెక్క కావాలి. అక్క చదువు నేర్చినప్పటి నుంచీ నోటు పుస్తకంలో రాస్తోంది. ఏ తేదీన ఎంత పని చేశారు, ఎంత ఇచ్చారు, ఎంత బాకీ, అన్నీ అందులో ఉన్నాయి. ఆ లెక్క చూసి ఇద్దరూ అర్జీ రాశారు. చెల్లెలు వేలిముద్ర వేయలేదు. సంతకం పెట్టింది.

మర్నాడు ఇద్దరూ ఇంకో చోటికి పనికోసం బయలుదేరారు. దారి పొడవునా చెల్లెలు ఆ మూడు ముక్కలే అనుకుంటూ నడిచింది.

చెప్పండి, రాయండి

1. గుమాస్తా చెల్లెలికి పని ఎందుకు ఇవ్వలేదు?
2. కూలి బాకీ ఎవరికి చెప్పుకోవాలి?
3. మీకు వచ్చిన పని గురించి మూడు ముక్కలు రాయండి.
4. ఈ వారం మీ కూలి లెక్క రాయండి.