వాడి వంతు

ఒక సంగతి చాన్నాళ్ళుగా గుండెలో మెదులుతోంది. మీతో చెప్పుకుంటే గానీ బరువు దిగేలా లేదు.

మా చెల్లెలి కొడుక్కి తొమ్మిదేళ్ళు. ఆటిజం. చూడ్డానికి మీ పిల్లల్లాగే, నా పిల్లల్లాగే ఉంటాడు. వచ్చిన చిక్కల్లా అదే. కాలు ఈడుస్తూ నడిచే పిల్లకైతే జనం కాస్తయినా దారిస్తారు. చెవుల్లోకి మోత గునపంలా దిగుతుంటే ఎవరికి కనిపిస్తుంది?

పోయిన జనవరిలో నాంపల్లి నుమాయిష్‌కి తీసుకెళ్ళాం. పిల్లల రైలు ఎక్కాలని వాడి ఆశ. లైన్లో పావుగంట బుద్ధిగా నిలబడ్డాడు. ఇంతలో పక్కనున్న మైకు గుయ్యిమంది. అంతే, చెవులు మూసుకుని నేల మీద కూలబడి ఒకటే కేకలు. వెనకనుంచి ఒకావిడ "ఇంత పెద్ద పిల్లాడికి ఏం గారాబం! రెండు తగిలిస్తే దారికొస్తాడు" అంది. ఇంకో అబ్బాయి ఫోను తీసి వీడియో మొదలెట్టాడు. మా చెల్లి పల్లెత్తు మాట అనలేదు. వాణ్ణి పొదివి పట్టుకుని లైన్లోంచి బయటికొచ్చేసింది. పావుగంట నిలబడి సంపాదించుకున్న వంతు అలా పోయింది.

చట్టం సంగతి చూస్తే, 1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, ఆటిజం ఊసే లేదు. 2016లో వచ్చిన చట్టం వాటిని 21 చేసి, ఆటిజాన్నీ చేర్చింది. నలుగురిలో కావాలని అవమానిస్తే ఆర్నెల్ల నుంచి ఐదేళ్ళ దాకా జైలు అని కూడా అందులో ఉంది. మా చెల్లి బ్యాగులో వాడి వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ ఎప్పుడూ ఉంటుంది. అయితే మాత్రం, ఎదురైన ప్రతివాళ్ళకీ అది తీసి చూపించి "నా బిడ్డది పొగరు కాదండీ" అని రుజువు చేసుకోవాలా తల్లి?

2022 మే నెలలో రాంచీ విమానాశ్రయంలో ఇలాగే ఒక బాబు బెదిరిపోతే, విమానం ఎక్కనివ్వలేదు. తర్వాత ఆ విమాన సంస్థకు విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 5 లక్షల రూపాయల జరిమానా వేసింది. నాకు గుర్తుండిపోయింది మాత్రం జరిమానా కాదు. మాకేం అభ్యంతరం లేదు, ఎక్కించండి అని ఆ కుటుంబం తరఫున తోటి ప్రయాణికులు గట్టిగా నిలబడ్డారు చూడండి, అది.

మనం అలా నిలబడగలం కదమ్మా! రైల్వే స్టేషన్‌లో చూస్తుంటాను, కాళ్ళు గట్టిగా ఉన్నవాళ్ళమే లిఫ్టు నిండా ఎక్కేస్తాం, చక్రాల కుర్చీలో పిల్ల కిందే ఉండిపోతుంది. ర్యాంపుకి అడ్డంగా బండి పెట్టి కూరలకు వెళ్తాం. మన పిల్లాడు "అమ్మా, ఆ అక్క అలా ఎందుకుంది?" అంటే నోరు నొక్కేస్తాం. నొక్కకండి. "ఆ అక్క కుర్చీలో తిరుగుతుంది, వెళ్ళి పేరడుగు" అనండి.

నుమాయిష్‌లో ఆ రాత్రి సంగతి ఇంకా అయిపోలేదు. రైలు దగ్గర్నుంచి వచ్చి ఒక గాజుల కొట్టు పక్కన కూలబడ్డాం. కొట్టామె మమ్మల్ని ఒక్క ప్రశ్న అడగలేదు. చెయ్యి చాపి తన స్పీకరు కట్టేసింది. ముక్కాలిపీట ఒకటి ఇటు జరిపింది. కాసేపయ్యాక "ఏ రంగు కావాలి బిడ్డా?" అని వాణ్ణే అడిగింది, మా చెల్లిని కాదు. జవాబు రాలేదు. మళ్ళీ అడగలేదు, అలా ఆగింది. బేరానికొచ్చిన ఇద్దరాడవాళ్ళు కూడా పక్కకి జరిగి నిలబడ్డారు. వాడు మెల్లిగా లేచాడు. పచ్చ గాజుల వరస మీద వేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకి గలగలలాడించాడు. మళ్ళీ ఒకసారి. మైకు మోతకు విలవిల్లాడిన పిల్లాడు ఆ చప్పుడుకి తల వంచి చెవి ఒగ్గాడు!

డజను పచ్చ మట్టిగాజులు తీసుకున్నాం. "పాపం, ఊరికే తీసుకోండి" అనలేదామె. పైసా తగ్గించకుండా లెక్కపెట్టి తీసుకుని, పొట్లం మాత్రం వాడి చేతికే ఇచ్చింది. నాకు అది మరీ నచ్చింది.

ఇప్పుడా గాజులు వాళ్ళింటి కిటికీ ఊచకి దారంతో వేలాడుతున్నాయి. మొన్న చెల్లి ఫోన్ చేసింది. "అక్కా, వచ్చే జనవరిలో మళ్ళీ పోదామా? వాడింకా రైలెక్కలేదు కదా" అంది.